ప్రధానం చీర

మంగళవారం.

పెద్దమనుషులు ఇవాళ నా నిశ్చితార్థం రద్దు చేశారు. వద్దన్నది నేను కాబట్టి అబ్బాయి వాళ్లు పెట్టినవన్నీ తిరిగిచ్చేయాలన్నారు. న్యాయమే. ఉంగరం తీసి పళ్లెంలో పెట్టాను. ప్రధానం చీర ఇవ్వబోతే అతని తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు కట్టిన చీర ఇంకో కోడలికి పెట్టకూడదమ్మా. నువ్వే ఉంచుకో.”

మంచి మనిషి. కొడుకు నా ఫోన్ పాస్‌వర్డ్ కోసం అంత గొడవ చెయ్యకపోతే ఆవిడకి కోడలినయ్యేదాన్నే.

రేపు మిరపకల్లంలో అందరూ నాన్నని అడుగుతారు. ఏం చెబుతాడో... ఇంటికొచ్చాక “అన్నం పెట్టమ్మా, ఆకలేస్తోంది” అన్నాడు. మారు కూడా వడ్డించుకున్నాడు.

చీర బీరువాలో పెట్టాను. ఆ సంబంధం మొత్తంలో నేను ఎంచుకున్నది అదొక్కటే. అది నా దగ్గరే ఉండిపోయింది.