ఏడుపు షో

రెమెడియోస్ అక్కకు, మనీలాలో నేను బాగానే ఉన్నాను, ఒళ్ళు మాత్రం మండిపోతోంది. పాటలు, డాన్సులు, హాస్యం అన్నీ చేసి ఇరవై ఏళ్ళకు టీవీలో మధ్యాహ్నం షో యాంకర్నయితే, పోటీకి వచ్చినవాళ్ళను పాటకు ముందు ఏడిపించడమే నా పనైంది. నిన్న బట్టలుతికే ఒకావిడను, చనిపోయిన మొగుడి గురించి అడిగాను. "పాడటానికొచ్చాను బాబూ. ఏడవడానికి మా ఇల్లు లేదా?" అందావిడ. నాకు తల కొట్టేసినట్టయింది. డైరెక్టరేమో, "పోనీలే, వచ్చే వారం మీ అమ్మను తెస్తాం, నువ్వే ఏడుద్దువుగాని" అన్నాడు! వాళ్ళొస్తే తలుపు తీశావో, నీకూ నాకూ చెల్లు. తుఫానుకి ఎగిరిపోయిన రేకులు వేయించావా? ఎండుచేపలు పంపు. అమ్మ చెయ్యి నుదుటికి ఆనించుకుని దీవెన తీసుకోవడానికి క్రిస్మస్‌కి నేనే వస్తాను. కెమెరా రాదు.

తమ్ముడు రుఫీనో