లామూ షీట్‌లో నా కాలమ్

ఏమండీ,

పదకొండింటికి క్లినిక్‌కి ఒక్కరే వెళ్లి ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ వేయించుకోండి. కెన్యాలో లామూ దీవి చూసుకుని ఇండియా వెళ్తే హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఆ కార్డు అడుగుతారు. అత్తయ్య సంవత్సరీకం మీ చేతుల మీదే జరగాలి.

నాకు ఆ ఇంజెక్షన్ వేయరట. జబ్బు తిరగబెట్టిందని డాక్టర్ సోమవారమే చెప్పింది. మళ్లీ కీమో, అది నడుస్తుండగా ఆ టీకా పనికిరాదట. ఆ సాయంత్రం మీరు ఈల వేస్తూ లామూ పడవల టైములు ఎక్సెల్ షీట్‌లో ఎక్కిస్తున్నారు. చెప్పకుండానే మీ పక్కన కాఫీ పెట్టి వచ్చేశాను. ఎనిమిదేళ్లుగా 'ఈ సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయిపోనీ' అంటూ ఈ ప్రయాణం వాయిదా వేసింది మీరే.

అక్కడి పాత ఇళ్ల చెక్కుడు తలుపులు నా బదులు మీరే చూసి రండి.

స్కాన్‌కి వెళ్తున్నాను, పక్కింటి శ్రీవిద్య దింపుతుంది. ఇంజెక్షన్ వేయించుకోకుండా హాస్పిటల్‌కి రావద్దు. చారు స్టవ్ మీద ఉంది.

రజిని

షీట్‌లో నా పేరున్న కాలమ్ తీసేయకండి. ఖాళీగా ఉంచండి.