తిరిగి రాని త్రిభుజాలు

నర్సీపట్నం,
ఫిబ్రవరి 18.

చి. మణికి అమ్మమ్మ దీవెనలు.

ఫోనులో మాట నిలవదు కనుక ఉత్తరం రాస్తున్నాను. నువ్వు పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి వెళ్లిన సర్వరును వారం రోజులు గమనించాను. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా చేశాను, ఇటువంటి ఉద్యోగిని చూడలేదు. కొయ్యూరు బడి పిల్లలు ఫైలు పేరు చెప్పి అడిగితే, నా ‘నోట్సు’ ఫోల్డరులో చూసి అదే ఇస్తుంది. లేకపోతే 404 అంటుంది, అంటే లేదని. రేపు రమ్మనదు. పేరు చెప్పకుండా వస్తే జాబితా చూపిస్తుంది. ఏది ఏ నిమిషానికి ఇచ్చిందో రాసుకుంటుంది.

ఇట్లు, నీ పనిని మెచ్చుకుంటూ,
వరహాలక్ష్మి

తా.క. నిన్న ఎవరో ఆ ఫోల్డరు దాటి నా సొంత ఫైళ్లలోకి రాబోతే, 403 అని గుమ్మంలోనే ఆపేసింది. ఆ దొంగ ఎవరో కనిపెట్టు.

విశాఖపట్నం,
ఫిబ్రవరి 21.

అమ్మమ్మకు నమస్కారాలు.

కొయ్యూరు నుంచి సీతాలు టీచరు ఫోన్ చేశారు. “ఏటమ్మా, మీ అమ్మమ్మగారి త్రిభుజాలు ఒక్క పిల్లకే వచ్చేయి. మిగతా ముప్పైమందికీ 404 అంటంది. మార్చి పదిహేడు నుంచి పదో తరగతి పరీక్షలు. బేగి సూడమ్మా” అన్నారు. నోట్సు లేకపోతే ఆ పిల్లలకు వేరే దారి లేదు. ఫైలు నువ్వేమైనా తీశావా?

నీ ముద్దుల మనవరాలు,
మణి

తా.క. ఆ దొంగను నేనే. గుమ్మం గట్టిగా ఉందో లేదో తోసి చూశాను.

నర్సీపట్నం,
ఫిబ్రవరి 24.

చి. మణికి దీవెనలు.

తీశాను. తీయకేం? ‘త్రిభుజాలు’ పదో తేదీ ఉదయం పదీ నాలుగుకు ఒకరికి ఇచ్చినట్టు సర్వరే రాసింది. ఇచ్చిన పుస్తకం తిరిగి వచ్చేదాకా బీరువాలో ఉన్నట్టు చూపించకూడదు. మా బడి గ్రంథాలయంలో అదే పద్ధతి. సర్వరుకు ఇవ్వడం వచ్చు గాని, ఇచ్చినదాన్ని పక్కకు తీయడం రాదు. కనుక ఇచ్చిన ప్రతి ఫైలునూ ‘బయటికి వెళ్లినవి’ అనే ఫోల్డరులోకి నేనే మారుస్తున్నాను. పదకొండు వెళ్లాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. సర్వరు నిజాయితీలో లోపం లేదు, లోపం పిల్లలది. తీసుకున్నవి వెంటనే తిరిగి ఇప్పించమని సీతాలు టీచరుకు ఉత్తరం రాశాను.

ఇట్లు, పద్ధతి తప్పని,
వరహాలక్ష్మి

తా.క. గుమ్మం తోసి చూడడానికి ‘వీలునామా’ అనే ఫైలే అడగాలా?

విశాఖపట్నం,
ఫిబ్రవరి 27.

అమ్మమ్మకు నమస్కారాలు.

సర్వరు ఫైలును చదివి నకలు పంపుతుంది. అసలు ఎక్కడిది అక్కడే ఉంటుంది. నువ్వు బోర్డు మీద రాసింది నలభైమంది రాసుకుంటే బోర్డు ఖాళీ అయిందా? ఎంతమందికి ఇచ్చినా నీ త్రిభుజాలు తరగవు. దయచేసి అన్నీ ఈరోజే ‘నోట్సు’లో తిరిగి పెట్టు. పరీక్షలు దగ్గరకొచ్చేశాయి.

కంగారులో ఉన్న,
మణి

తా.క. ‘వీలునామా’ అన్నది నోటికొచ్చిన పేరు. అది ఉందని ఇప్పుడు నువ్వే చెప్పావు.

నర్సీపట్నం,
మార్చి 3.

చి. మణికి దీవెనలు.

బోర్డు మాట సరైనదే. నాకు తట్టలేదు, పొరపాటు నాది. పదకొండు ఫైళ్లూ పెట్టేశాను.

నిన్న కొయ్యూరు బస్సు కండక్టరు సింగన్న ఒక బస్తా దించాడు. “ఇయ్యి పిల్లలు ఇచ్చీమన్నారమ్మగారూ. మీకాడ తీసుకున్నారంట గదా” అన్నాడు. విప్పితే ముప్పై ఒక్క నోటుపుస్తకాలు. ఆ ఒక్క పిల్ల ఫోను చుట్టూ కూర్చుని, త్రిభుజాలన్నీ అందరూ చేత్తో రాసుకున్నారట. నా ఉత్తరం అందాక, తీసుకున్నది తిరిగి ఇవ్వాలని మొత్తం పంపేశారు.

అన్నీ చదివాను. పన్నెండో పేజీలో రుజువును ముప్పైమంది నేను రాసినట్టే రాశారు. లావణ్య అనే పిల్ల మాత్రం మూడో మెట్టు కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో, “టీచరు గారండీ, ఇక్కడ కోణం కాదండీ, భుజం రావాలనుకుంటాను” అని రాసింది. నిజమే. ఆ నోట్సు రాసి పందొమ్మిదేళ్లు, ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. సర్వరు పెట్టింది పెట్టినట్టు ఇస్తుంది. అందులో తప్పుందని చెప్పడానికి మనిషి కావాలి.

చదువుకోవడానికి పుస్తకాలు లేకుండా కూర్చున్నారు, పిచ్చిపిల్లలు. అందరివీ దిద్ది, ఈ ఉదయం మొదటి బస్సుకే వెనక్కి పంపాను.

ఇట్లు, ఈ వయసులో ఒక మెట్టు దిద్దుకున్న,
వరహాలక్ష్మి

తా.క. లావణ్య పుస్తకాన్ని పేజీపేజీ ఫొటో తీసి, ఆమె పేరుతోనే ఫోల్డరులో పెట్టాను. నా ‘త్రిభుజాలు’ చెరిపేశాను. ఇకమీదట దాన్ని ఎవరు అడిగినా సర్వరు 404 అంటుంది. ఈసారి అది నిజమే, అనుమానించకు.