లోపలికి పీల్చినప్పటి చప్పుడు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. పొద్దున మా ఆసుపత్రిలో ఒకామెకు శ్వాసనాళం బాగుచేశాం. దిల్‌సుఖ్‌నగర్‌లో పూలమ్ముతుంది. నీలాగే జ్వరమొచ్చి, వెంటిలేటర్ మీదుండి బతికింది. నీలాగే గొంతులో వేసిన గొట్టం ఒరుసుకున్న చోట నాళం ముడుచుకుపోయింది.

"దమ్మనుకొని ఆర్నెల్లు మందులు వాడినం మేడం," అన్నాడు ఆమె భర్త.

"సప్పుడు గాలి తీసుకునేటప్పుడా, ఇడిసేటప్పుడా?" అడిగాను.

"తీసుకునేటప్పుడే."

దమ్ము, అదే ఆస్తమా, చప్పుడు ఎక్కువగా వదిలేటప్పుడు వస్తుంది; నాళం ఇరుకైతే పీల్చేటప్పుడు.

మత్తివ్వడం నా పని. పూర్తిగా పడుకోబెడితే ఊపిరి ఆగిపోవచ్చని, ఆమె తనంతట తాను గాలి పీలుస్తుండగానే, కెమెరాతో చూస్తూ పిల్లలకు వాడే సన్నటి గొట్టం దించాను. సర్జన్ ఇరుకైన ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి కుట్టాడు. తలెత్తితే ఆ కుట్లు తెగుతాయని గడ్డాన్ని ఛాతీకి దారంతో కట్టి ఉంచాడు. గొట్టం తీశాక ఆమె నోటి దగ్గర చెవి పెట్టాను. చప్పుడు లేదు.

నువ్వు ఎల్బీ నగర్ మెట్రో మెట్లెక్కుతూ ఫోన్ చేసిన రోజు ఆ చప్పుడు నాకు వినిపించింది. "ఆస్తమానే అన్నా, ఇన్హేలర్ రాసి పంపుత," అన్నాను. పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా అని అడగలేదు. మన్సూరాబాద్‌లో మీ ఇల్లు ఎంతో దూరం కాదు, అయినా వచ్చి చూడనూ లేదు. స్కాన్‌లో అసలు సంగతి తేలేసరికి ఆలస్యమైంది.

పెద్ద దవాఖానకు పోదామని వదిన ఎన్నిసార్లు అడిగినా నీది ఒకటే మాటట: "మా చెల్లె చెప్పింది. ఇంకెవరికి చూపిస్తం?"

నేను డాక్టర్‌ను కాకపోయి ఉంటే, నువ్వు డాక్టర్ దగ్గరికి వెళ్లేవాడివి.