దసరానాడు తిప్పిన తాళంచెవి

3 సెప్టెంబర్ 2012

నా చిన్నకొడుకు బాబూలాల్ వచ్చేశాడు. పూణె నుంచి సంచులన్నీ సర్దుకుని వచ్చేశాడు. ఇక పోనన్నాడు. ఈ ఒక్క ముక్క రాసుకోవడానికే కామారెడ్డి బజారులో ఈ డైరీ కొన్నాను. నాది ఐదో తరగతి చదువు, అక్షరాలు వంకర. అయినా ఇంత సంతోషాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. తండాలో ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాను. ముసలోనికి పిచ్చి లేచింది అన్నది నా భార్య చాంది. లేస్తే లేవనీ.

పెద్దోడు భీమ్‌సింగ్ అదే పూణెలో బిల్డింగ్ మీద నుంచి పడ్డాడు. చాపలో చుట్టి తెచ్చారు. ఆ ఊరే చిన్నోడిని నాకు తిరిగి ఇచ్చింది.

15 సెప్టెంబర్

కామారెడ్డిలో ఎల్లారెడ్డి రోడ్డు మీద రేకుల షెడ్డు తీసుకున్నాడు. పైన బోర్డు కూడా పెట్టాడు, బాబూలాల్ టర్బో వర్క్స్ అని. రోడ్డు అవతలికి పోయి దాన్ని ఎన్నిసార్లు చదివి వచ్చానో. చాంది మేకలను చూసుకుంటూ గాంధారి దగ్గర తండాలోనే ఉంది. నేను వాడితో షెడ్డులో.

పూణెలో వాడు నేర్చుకున్నది స్పానర్ పని ఒక్కటే కాదు. కార్ల లోపల కంప్యూటర్ ఉంటుందట. ల్యాప్‌టాప్ పెట్టి దాంతో మాట్లాడతాడట. ఇక్కడ ఆ పని ఎవరికీ రాదు. ఇప్పటికైతే బైకులు, ఆటోలు వస్తున్నాయి. ఒక్క పెద్ద బండి మంచిగ చేస్తే చాలు బాపూ, పేరు దానంతట అదే తిరుగుతది, లేకుంటే మళ్ళ పూణెనే దిక్కు అన్నాడు. ఆ చివరి మాట విననట్టు చెవి గోక్కున్నాను.

14 అక్టోబర్

పెద్ద బండి వచ్చింది. ఎల్లారెడ్డి నుంచి వెంకటి పటేలు తన టర్బో కారు తెచ్చాడు. నల్లగా, ఎనుబోతులా ఉంది. సైలెన్సర్ పైపు లావుది వేయాలి, బండి ఉరకాలి అన్నాడు. నా వైపు చూసి, నీ కొడుకేనా రూప్‌సింగ్, బర్రెలు కాసే చేతులకు ల్యాప్‌టాప్ వచ్చిందే అని నవ్వాడు. నేనూ నవ్వాను. మా చేతులు కాసినవి మేకలు పటేలా, బర్రెలు మీయి అన్నాను. ఆయనకూ నవ్వు ఆగలేదు.

20 అక్టోబర్

ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో దగ్గర నుంచి వెనకదాకా లావు పైపు బిగించాడు. చప్పుడు బాగుంది కానీ బండి బాగా లేదు. ఉరికినట్టే ఉరికి మధ్యలో మెడ పట్టినట్టు ఆగుతోంది. ముందర పసుపు లైటు వెలుగుతోంది. నేను భయపడ్డాను. వాడు భయపడలేదు.

అవ్వ పొయ్యికి గొట్టం పెద్దగ చేస్తే మంట ఎట్ల గుంజుతది బాపూ, అప్పుడు కట్టెలు పాత లెక్కన పెడితే రొట్టె మాడతది కదా అన్నాడు. కంప్యూటర్‌కు ఇంకా సన్న పైపే యాదికున్నది. గాలి ఎంత, డీజిల్ ఎంత, దానికి కొత్తగ రాసి చెప్పాలె. గట్ల చెప్పకుండ ఉరికిస్తే టర్బో కాలిపోతది.

ఇంత చదువు నా ఇంట్లో పుట్టింది. దేవుడా, నేను ఏం పుణ్యం చేశాను.

23 అక్టోబర్

రేపు దసరా. రేపే కంప్యూటర్‌కు రాసేది. సంతోషంతో ముద్ద దిగడం లేదు.

24 అక్టోబర్, పొద్దున తొమ్మిది

షెడ్డు కడిగాను. జాకీలు, స్పానర్లు, గాలి మిషన్, అన్నీ తుడిచి పట్టా మీద పరిచాను. మా తండాలో దసరానాడు నాగలిని కూడా కడిగి పడుకోబెడతారు. కొబ్బరికాయ కొట్టేదాకా పనిముట్టు కదలకూడదు. ఏడాదంతా మన కోసం చచ్చే ఇనుముకు ఆ ఒక్క ఘడియ విశ్రాంతి. మా తాత చేశాడు, నాయన చేశాడు, నేను చేశాను.

పటేలు సాయంత్రం బండి మీదనే జమ్మికి పోవాలన్నాడట. అందుకని వాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. కరెంటు పోయినా ఆగొద్దని పక్కన ఇంకో బ్యాటరీ కూడా కలిపాడు. ఎంత ముందుచూపు.

పదిన్నర

బంతిపూలు తెమ్మని వాణ్ణి నేనే తోలాను. కంప్యూటర్ రాసుకునేదాకా కదలను బాపూ అన్నాడు. పూలు లేకుండా పూజేందిరా అని నేను వినలేదు. చివరికి లేచాడు. బండి దగ్గరికి ఎవ్వరినీ రానీయకు, నేను గిప్పుడే వస్త అని మరీ మరీ చెప్పి పోయాడు.

బండి పక్కనే స్టూలు వేసుకుని కాపలా కూర్చుని ఇది రాస్తున్నాను. చాయ్ ఇచ్చేవాణ్ణి గడప దగ్గరే ఆపాను. కుక్కను కూడా రానీయలేదు. ల్యాప్‌టాప్‌లో పచ్చగీత కొంచెం కొంచెం పాకుతోంది. చూస్తుంటే నా కొడుకే నడుస్తున్నట్టు ఉంది.

మంచి ఘడియ దాటిపోతోంది. బండి లోపల ఏదో సన్నగా గుర్రుమంటోంది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పూజ వేళ ఇది కూడా విశ్రాంతిగా ఉండాలి. లేచి తాళం తిప్పి బొట్టు పెడతాను. వాడు వచ్చేసరికి అంతా సిద్ధం.

సాయంత్రం

బండి లేవడం లేదు.

25 అక్టోబర్

రాత మధ్యలో ఆగితే కంప్యూటర్ చచ్చిపోతుందట. పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. నిన్న వాడు వచ్చి పూల పొట్లం పక్కన పెట్టాడు. తర్వాత తాళంచెవికి నేను పెట్టిన బొట్టు తుడిచాడు. అంతే.

సాయంత్రం జమ్మికి పోదామని పటేలు వచ్చాడు. ఏమైందిరా అన్నాడు. నా చేతుల తప్పు పటేలా, బ్యాటరీ ఊడింది అన్నాడు నా కొడుకు.

నేను ఆగలేకపోయాను. కాదు పటేలా, నేను తాళం తిప్పిన, పూజకని ఆపిన అన్నాను. రెండు చేతులూ చూపించాను, కుంకుమ ఇంకా పోలేదు. పటేలు నమ్మలేదు. కొడుకును కాపాడుకుంటున్నవా ముసలోడా, తాళం తిప్పితే బండి సస్తదా, ఏడన్న ఉన్నదా అన్నాడు. తండాల పోరని చేతుల కంప్యూటర్ పెట్టిన, నాదే బుద్ధి తక్కువ అనుకుంటూ ఆటో ఎక్కాడు.

వాడి అబద్ధాన్ని నమ్మారు. నా నిజాన్ని నమ్మలేదు.

28 అక్టోబర్

షెడ్డుకు ఎవరూ రాలేదు. బ్రేకు వైరు వేయమని ఇచ్చిన బైకును కూడా చెయ్యి పెట్టకముందే తీసుకుపోయారు.

30 అక్టోబర్

చచ్చిన కంప్యూటర్‌ను విప్పి తువ్వాలలో చుట్టాడు. దాన్ని బతికించే మిషన్ పూణెలో వాడి పాత సేటు దగ్గరే ఉందట. చేసిస్త గాని మళ్ళ నా దగ్గర పనికి ఉండాలె అన్నాడట సేటు. వాడు ఒప్పుకున్నాడు.

బస్సు దగ్గర నా కాళ్ళు మొక్కాడు. నువ్వు మంచికే చేసినవు బాపూ అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మూట వాడి ఒళ్ళో ఉంది. ఒకప్పుడు పూణె నుంచి ఒక మూట వచ్చింది. ఇప్పుడు ఒక మూట పోతోంది.

17 నవంబర్

పార్సిల్ వచ్చింది. వాడు ఫోన్‌లో చెబుతుంటే నేనే బిగించాను. తాళం మాత్రం తిప్పనన్నాను. పటేలే తిప్పాడు.

లేచింది. ఎట్లా లేచిందంటే షెడ్డు రేకులు అదిరాయి. ఎల్లారెడ్డి రోడ్డు మీద బాణంలా పోయి వచ్చింది. పొగ లేదు, పసుపు లైటు లేదు, మధ్యలో ఆగడం లేదు. నేను రోడ్డు మీద నిలబడి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. చూడు పటేలా, నా కొడుకు పని చూడు అన్నాను. ఇంత సంతోషం నేను ఎన్నడూ ఎరగను.

పటేలు దిగి, మస్తున్నది, మీవోడేడి, చెయ్యి కలుపుత అన్నాడు.

ఫోన్ అందించాను. కట్ అయిపోయింది.

2 జనవరి 2013

బోర్డు దించాను. తండాలో మేకల కొట్టానికి అడ్డం పెట్టింది చాంది. అక్షరాలు లోపలి వైపుకు తిప్పమన్నాను.

13 అక్టోబర్ 2013

దసరా. సెలవు దొరకలేదన్నాడు.

3 అక్టోబర్ 2014

మళ్ళీ దసరా. నాగలి కడగలేదు. బొట్టు దేనికీ పెట్టలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫ్యాను. దాన్ని పొద్దున్నే వేసి, ఎవరినీ దగ్గరికి రానీయకుండా పక్కనే కూర్చున్నాను.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది.

నేను ఆపలేదు.