తడిసిన ఇమాం జామిన్

ఆదివారం, రాత్రి

బైక్ మీద లద్దాఖ్ పోయిన తమ్ముడు శీను మధ్యాహ్నం ఫోన్ చేశాడు. కనుమ మీద ఒకటే వాన, చలి. "అన్నా, పక్కింటి అమ్మీజాన్ కట్టిన ఇమాం జామిన్ తడిసి చెయ్యి మొద్దుబారింది. ఇప్పాల్నా?" క్షేమంగా చేరేదాకా దండచేతికి ఉండాల్సిన, గుడ్డలో చుట్టిన రూపాయి బిళ్ల అది. అలాంటివి నమ్మని నేనే "వద్దురా" అన్నాను. ఫోన్ కట్టయ్యాక గుర్తొచ్చింది, అది బ్రేకు పట్టే చెయ్యి. వెంటనే తిరిగి చేస్తే కలవలేదు.

చీకటిపడ్డాక మళ్లీ చేశాడు. "కిందికి దిగిన అన్నా. నీ మాట ఇనలే, ఇప్పి హ్యాండిల్‌కు కట్టిన."

గుమ్మంలో కాచుకుని ఉన్న అమ్మీజాన్‌కు భయపడుతూనే చెప్పాను. ఆమె నవ్వింది. "మంచిగ చేసిండు బేటా. వాన్ని మోసేది బండే గదా, దానికి గూడ దువా కావాలె."

శీను శాలిబండలో ఇంటికి రాగానే ఆ బండి నేనే కడగాలి.