అటక మీది కోలలు

రాజలింగం అన్నకు పంజాగుట్ట నుండి తమ్ముడు హనుమాండ్లు రాసేది.

కోలాటానికి పోయినానని నాలుగో తరగతిలో నా బడి మాన్పించి, నా కోలలు గుంజుకున్నావు. అరవై ఏళ్లయినా నేను మరువలేదు. ఇప్పుడు నా ఇంట్లో ఉండి చదివే నీ మనుమరాలు సుష్మితకు సుత "ఆట బందు పెట్టు, లేకుంటే చదువు బందు" అని ఫోన్ చేసినావట.

ముందు ఇది విను. నిన్న ఫలితాలు వచ్చినాయి. అమీర్‌పేట కాలేజీలో పిల్ల క్లాసుకే ఫస్టు!

రోజూ సాయంత్రం ఆమె దోస్తులు ముగ్గురు మా మిద్దె మీదికి వస్తారు. ఆ రోజు పాఠం నాకు అర్థమయ్యేటట్టు చెప్పినవాళ్లకే నేను కోలలిస్తాను. పరీక్షల ముందట ఒకనాడు ఓ పిల్ల పాఠంలో తడబడి, "జర ఇయ్యి తాతా, కాళ్లు ఆగుతలేవు" అన్నది. నేను ఇయ్యబోతే సుష్మిత అడ్డమొచ్చింది. "ఇయ్యకు తాతా, గామెను మళ్ల చెప్పనీ!" ఆకు ఎండతో తన తిండి ఎట్లా వండుకుంటుందో ఇప్పుడు నన్నడుగు, చెప్తాను. నలుగురూ మంచి మార్కులతో పాసైనారు.

వాళ్ల జట్టును వరంగల్ పోటీకి పిలిచినారు. నువ్వు ఒప్పుకోకుంటే పోనని పిల్ల అంటున్నది.

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్‌లో నా మాట సగంలోనే ఆపేస్తావు గనుక కార్డు రాసినాను. పోస్టుమన్ నలుగురికి చదివి వినిపించినా మంచిదే, ఫస్టు సంగతి ఊరికి తెలుస్తుంది. పిల్లలకు దీవెనలు.

నా కోలలు ఇంకా అటక మీదే ఉన్నాయని వదిన చెప్పింది. వచ్చే శుక్రవారం లోపల వాటిని సుష్మిత పేరు మీద బస్సులో పంపు. అదే నీ జవాబు.